ముఖం చెల్లని సాక్షి

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుండేది. కానీ వీధి మొత్తానికి ఆయన 'నవ్వొద్దు మామయ్య'. పాస్‌పోర్టు ఫోటోలు తీసే స్టూడియో ఆయనది. కుర్చీలో కూర్చున్నవాడికి ముందు ఒక జోకు తగిలించేవాడు. వాడు పళ్ళికిలించగానే "నవ్వొద్దు!" అని గద్దించేవాడు.

"ఇదెక్కడి న్యాయం మామయ్యా? నవ్వించేదీ నువ్వే, వద్దనేదీ నువ్వే!" అని ఎవరైనా అంటే సమాధానం సిద్ధంగా ఉండేది.

"నవ్వితే దొంగలా ఉంటావురా. నవ్వకపోతే దొరికిన దొంగలా ఉంటావు. ఆఫీసులవాళ్ళకి రెండోదే కావాలిట."

నవ్వొద్దు మామయ్య గొంతు పెద్దది, గొప్పలు ఇంకా పెద్దవి. "పేరు మరిచిపోతాను, ఊరు మరిచిపోతాను, పెళ్ళిరోజు సరేసరి, ఏటా మరిచిపోతాను. ముఖం మాత్రం మరవను. మన పనిలో ముఖ్యమైనదల్లా ముఖమే. ముఖం లేనిదే ముఖ్యం ఎక్కణ్ణించి వస్తుంది?" అనేవాడు. వెనక బల్ల దగ్గర ఫోటోలు కత్తిరిస్తున్న ఇల్లాలు తలెత్తకుండానే, "పొద్దున అద్దంలో చూసుకున్నదాన్ని ఒక్కపూటైనా మరిచిపోతే ఇంత గొప్పలుండేవి కావు" అనేది. ఆవిడ మాట తక్కువ. ఆవిడ చేతిలో కత్తెర ఎలా గీత తప్పదో మాట కూడా అలాగే గీత తప్పదు.

నిజం చెప్పాలంటే కుర్చీలో కూర్చున్న మనిషిని ఆయన చూసేవాడే కాదు. చెవులు రెండూ కనిపిస్తున్నాయా, గడ్డం మరీ పైకి లేచిందా, వెనక వేలాడే తెల్లగుడ్డ మీద నీడ పడుతోందా, అదే చూసేవాడు. మనిషి లేచి వెళ్ళాక ముఖంతో కాపురం మొదలయ్యేది. కంప్యూటర్ మీద ఆ ముఖాన్ని ముక్కుపుడక గుంత బావిలా కనిపించేదాకా పెద్దది చేసి, మొటిమ చెరిపి, కంటికింద నలుపు తగ్గించి, చెదిరిన వెంట్రుకలు సర్ది, గంటల తరబడి దానితోనే ఉండేవాడు. అలా ఆయన చేతికింద నుంచి వెళ్ళిన ముఖాలు కొన్ని వేలు. ఎవరిది ఏ ముఖమో ఆయనకి తెలీదు. ముఖం మాత్రం తెలుసు. ఆ రెండింటికీ తేడా ఉందని ఆయనకి ఎప్పుడూ తోచలేదు.

ఎదురుగా మందుల షాపు. దాని యజమానిని ఈయన 'మాత్రల బావ' అనేవాడు. చుట్టరికం లేదు గానీ వేళాకోళం ఉంది, అది చుట్టరికం కన్నా గట్టిది. "ఏం బావా, ఊరందరికీ మాత్రలిస్తావు, నాకు మాత్రం ఇవ్వవేం?" అని ఇటునుంచి కేక వేస్తే, "నీ రోగం మాటల్లో ఉంది, మాత్రల్లో లేదు!" అని అటునుంచి వచ్చేది. ఏళ్ళ తరబడి అదే ప్రశ్న, అదే జవాబు, అదే నవ్వు.

ఒక సాయంత్రం సన్నగా జల్లు పడుతోంది. అప్పుడే వీధిలైట్లు వెలిగాయి. నవ్వొద్దు మామయ్య స్టూడియో షట్టరు సగం దించాడు. ఎదురు షాపులోంచి ఏదో భళ్ళుమంది. తరవాత బావ అరుపు. షట్టరు కిందినుంచి వంగి చూస్తే ఒక మనిషి ఇనపరాడ్డుతో బయటికి దూకాడు. షాపు బోర్డు వెలుగులో ఒక్కసారి ఇటు తిరిగి, సందులోకి పరిగెత్తాడు. అంతే.

పగిలిన సీసాల మధ్య పడి ఉన్న బావ తలని ఒళ్ళో పెట్టుకుని ఈయన వేసిన కేకలకి వీధి వీధంతా పోగైంది. బావ బతికాడు. కానీ కుడిచెయ్యి పడిపోయింది. మాట ముక్కలుముక్కలైంది. 'మాత్ర' అనబోతే 'మా... మా...' అని ఆగిపోయేవాడు. తనని కొట్టినవాడెవడో ఆయనకి గుర్తులేదు.

పోలీసు ఆఫీసరు వచ్చి అడిగాడు. "మనిషి ఎలా ఉన్నాడు?"

"మామూలుగా ఉన్నాడండీ. పొడుగూ కాదు, పొట్టీ కాదు."

"ముఖం మీద గుర్తులేమైనా?"

"గుర్తులేవీ గుర్తులేవు సార్. కానీ చూస్తే గుర్తుపడతాను. వెయ్యిమందిలో ఉన్నా సరే! ఈ వీధిలో ఎవర్నైనా అడగండి, నా కళ్ళ సంగతి."

ఆఫీసరుకి అంతకన్నా ఏం కావాలి? కొన్ని వారాలకి ఒక కుర్రాణ్ణి పట్టుకున్నారు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. వెనక వీధిలో ఒక గదిలో ఒక్కడే ఉంటాడు. ఆ గొడవకి కొద్దిరోజుల ముందు, డాక్టరు చీటీ లేకుండా నిద్రమాత్రలు ఇవ్వనన్నాడని బావతో పెద్దగా కేకలేశాడట. ఆ సాయంత్రం ఎక్కడున్నావంటే గదిలో పడుకున్నానన్నాడు. ఒక్కడే ఉండేవాడికి పడుకున్నట్టు సాక్ష్యం దిండు తప్ప ఎవరు చెబుతారు?

జైలు ఆవరణలో, నాచుపట్టిన ఎర్ర ఇటికల గోడ ముందు, ఒకే ఈడు మనుషుల్ని వరసగా నిలబెట్టారు. నవ్వొద్దు మామయ్య ఒక్కొక్కణ్ణే చూసుకుంటూ నడిచాడు. అన్నీ కొత్త ముఖాలు. ఇంత గొప్పలు చెప్పుకుని వచ్చి ఉత్తచేతులతో పోవాలా? అప్పుడు కనిపించాడు. ఎడమ కనుబొమ్మని రెండు ముక్కలు చేసిన గాటు. కింద ఆ కళ్ళు, ఆ ముక్కు, ఆ దవడ. ఈయన లోపల ఏదో టక్కుమంది. ఈ ముఖం నాకు తెలుసు! బాగా తెలుసు! ఆ కుర్రాడి పెదవి మీద సగం నవ్వు కూడా వచ్చి పోయింది. ఈయన వాడి భుజం మీద చెయ్యి వేసి అరిచాడు, "వీడే!"

తప్పు పట్టిన ఆనందం ఉందే, అది తప్పు చేసిన ఆనందం కన్నా పెద్దది. ఆ రోజునుంచి నవ్వొద్దు మామయ్య వీధికి నాయకుడైపోయాడు. టీకొట్టు దగ్గర ఆ సాయంత్రం కథని ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ కథకి ఇంకొంచెం మెరుగు దిద్దాడు. గాటు వచ్చి చేరింది. వెటకారపు నవ్వు వచ్చి చేరింది. బోర్డు వెలుగు కూడా పెరిగింది. చెప్పినకొద్దీ ఆయన కళ్ళకి ఆ ముఖం మరింత తేటగా కనిపించేది. అలా తేటపడటం నిజానికి గుర్తు అనుకున్నాడు గానీ, తన చేతిపనికి గుర్తు అనుకోలేదు.

అలా నెలలు గడిచి కేసు విచారణకి వచ్చింది. ఇనపరాడ్డు దొరకలేదు, వేలిముద్రలు వానలో కలిసిపోయాయి. ఉన్నదల్లా ఈయన కళ్ళే. ఈయన అవునంటే కుర్రాడు ఏళ్ళకేళ్ళు లోపలే. ఆ సంగతి కోర్టులో అందరికీ తెలుసు. ఈయనకి అందరికన్నా బాగా తెలుసు. అందుకే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇల్లాలిని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు, తన ఘనత చూస్తుందని. బావ కొడుకు కూడా వచ్చి ముందు బల్లమీద కూర్చున్నాడు. తండ్రి పడిపోయాక షాపు నడుపుతున్నది వాడే.

ప్రభుత్వ లాయరు అడిగాడు, ఈయన చెప్పాడు, వేలు చాచి చూపించాడు. ఇటు సాక్షి బోనులో ఈయన, అటు నిందితుడి బోనులో కుర్రాడు. ఎలకని పట్టేదీ బోనే, పులిని పట్టేదీ బోనే. అయినా ఎవడు పులో ఎవడు ఎలకో ఆ క్షణాన ఈయనకి అనుమానమే లేదు.

కుర్రాడి తరఫున ఒక లాయరమ్మ లేచింది. జలుబుతో గొంతు బొంగురుపోయి, ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్ళు గుక్కగుక్కగా తాగుతూ అడుగుతోంది. అందరూ చెవులు రిక్కించాల్సి వచ్చింది.

"మీ కంటిచూపు బాగానే ఉంటుందా అండీ?"

"సాక్షి అన్న మాటలోనే అక్షి ఉందమ్మా. అక్షి అంటే కన్ను. ఆ కన్ను తీసేస్తే ఇంక మిగిలేది ఉత్త 'స'!"

కోర్టు గొల్లుమంది. జడ్జిగారు పెదవి బిగించి, "సరిగమలు తరవాత. అడిగినదానికి చెప్పండి" అన్నారు. మళ్ళీ గొల్లు.

"మొదట పోలీసులకి చెప్పినప్పుడు గాటు మాట లేదు. ఎందుకని?"

"అప్పుడు కంగారుగా ఉన్నానమ్మా. కంగారు తగ్గాక గాటు గుర్తొచ్చింది."

"అంటే, జైల్లో ఇతన్ని చూశాక."

"ముందో వెనకో, గాటైతే ఉందిగా అక్కడ? నేనేం పెట్టలేదుగా!"

ఈసారి నవ్వినవాళ్ళలో పోలీసు ఆఫీసరు కూడా ఉన్నాడు. లాయరమ్మ నవ్వలేదు. వేణ్ణీళ్ళు తాగింది.

"ఆ సంఘటనకి ముందు ఇతన్ని మీరెప్పుడైనా చూశారా?"

"లేదు."

"మీ స్టూడియోకి వచ్చి ఫోటో తీయించుకున్నానంటున్నాడు."

"నా స్టూడియోకా?" నవ్వొద్దు మామయ్య గొంతు పైకప్పుని తాకింది. "వస్తే నేను మరిచిపోతానా? రసీదు చూపించమనండి!"

రసీదు లేదు. కుర్రాడు తల దించుకున్నాడు. జడ్జిగారు గడియారం చూసి, మిగతా ప్రశ్నలు భోజనాల తరవాత అన్నారు.

వరండాలో బల్లలన్నీ నిండిపోయాయి. టైపు మిషన్ల టకటకల పక్కన, తుప్పుపట్టిన ఫ్యాను కింద ఆలుమగలిద్దరికీ చోటు దొరికింది. బావ కొడుకు వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మామయ్యా, చితక్కొట్టేశావు. నాన్నకి చెబితే ఆ సంతోషానికైనా మాటొస్తుంది" అని, నీళ్ళు తెస్తానని వెళ్ళాడు.

ఇల్లాలు డబ్బా మూత తియ్యలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏమే, వడ్డించవా? మాట్లాడి మాట్లాడి డొక్క ఎండింది."

"ఏవండీ, ఆ అబ్బాయి మన దగ్గరికి వచ్చాడు."

"ఏ అబ్బాయి?"

"బోనులో ఉన్న అబ్బాయి. నేనివాళే కదా చూడటం. చూడగానే పోల్చుకున్నాను. గాటు పూడ్చమన్న అబ్బాయి."

"ఛ, ఊరుకో. గాటున్నవాళ్ళు ఊళ్ళో ఒక్కడే ఉంటాడా?"

"ఉద్యోగానికి పెట్టాలి, గాటుంటే రౌడీ అనుకుంటారు, తీసెయ్ మామయ్యా అన్నాడు. మీరు కుడి కనుబొమ్మ వెంట్రుకలు తెచ్చి ఎడమవైపు అతికించారు. రెండు కనుబొమ్మలూ ఒకే దిక్కుకి తిరిగాయి, బాగాలేదు అన్నాను నేను. కాదు బ్రహ్మాండంగా ఉందని మీరు. నా మీద కోపానికి మళ్ళీ మొదట్నించీ చేశారు. భోజనానికి కూడా లేవలేదు ఆ పూట." ఆవిడ గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "ఆ అబ్బాయి నవ్వి ఏమన్నాడో గుర్తుందా? 'గొడవెందుకక్కా, దిక్కులేనివాణ్ణి, నా కనుబొమ్మకైనా ఒక దిక్కు దొరికిందిగా' అన్నాడు. మీరు పడీపడీ నవ్వారు. నీకు నా దగ్గర ఉద్యోగం ఇచ్చేస్తానురా అన్నారు."

ఆ మాటతో వచ్చింది. ముఖం కాదు, ముందు ఆ మాట. మాట విరుపుతో నవ్వించినవాణ్ణి నవ్వొద్దు మామయ్య మరవగలడా? మాట వెనకాల గొంతు వచ్చింది, గొంతు వెనకాల కుర్చీ, కుర్చీలో కుర్రాడు. కంప్యూటర్ తెర నిండా ఆ ఎడమ కనుబొమ్మ, దాని మధ్య ఎండిన కాలవలా గాటు. ఒక్కొక్క వెంట్రుకనే తెచ్చి నాటిన తన చెయ్యి.

"అయితే ఏమిటి?" అన్నాడు. తన గొంతు తనకే సన్నగా వినిపించింది. "ఫోటో తీయించుకున్నవాడు మనిషిని కొట్టకూడదా? కొట్టేవాళ్ళకి మాత్రం పాస్‌పోర్టు ఫోటోలు అక్కర్లేదా?"

"అక్కర్లేదని నేనెక్కడన్నాను? ఒక్కటే అడుగుతాను. ఆ సాయంత్రం మీరు చూసిన ముఖం ఇప్పుడు కళ్ళ ముందుకి వస్తుందా?"

"వస్తుంది. అద్దంలో చూసినట్టు వస్తుంది."

"ఎలా ఉంది?"

నవ్వొద్దు మామయ్య చూశాడు. ముఖం నిజంగానే వచ్చింది. ఎదురుగా, నిటారుగా. నోరు మూసుకుని ఉంది. చెవులు రెండూ కనిపిస్తున్నాయి. ఎక్కడా చుక్క తడి లేదు. రెండు చెంపల మీదా వెలుగు సమానంగా పడింది. ఆ ముఖం వెనక షాపు లేదు, వాన లేదు, వీధి లేదు. తెల్లగుడ్డ ఉంది. ముడత లేని, నీడ పడని తెల్లగుడ్డ.

మనిషిని కొట్టి పారిపోయేవాడు చెవులు రెండూ కనపడేలా నిలబడతాడా? గడ్డం కొంచెం దించమంటే దించుతాడా?

ఆయన ఒంట్లో నెత్తురంతా ముఖంలోకి ఎక్కింది. ఎక్కి అక్కడే ఉండిపోయింది. టీకొట్టు దగ్గర కోసిన ప్రతి కోతా గుర్తొచ్చింది. పొద్దున వేసిన ప్రతి జోకూ గుర్తొచ్చింది. 'నేనేం పెట్టలేదుగా!' నిజమే, గాటు పెట్టలేదు. తియ్యడం మాత్రం తీశాడు. తీసిన చేత్తోనే చూపించాడు.

"పాత ఫోటోలు కంప్యూటర్లో..." అన్నాడు.

"నెలనెలా చెరిపేస్తారుగా. అదెప్పుడో పోయింది. మన ఇద్దరికీ, ఆ అబ్బాయికీ తప్ప ఎవరికీ తెలీదు." ఆవిడ డబ్బా పక్కన పెట్టింది. "ఏం చెయ్యాలో నేను చెప్పనండీ. నేను కత్తిరించేదాన్నే. తీసేవారు మీరు."

బావ కొడుకు నీళ్ళసీసా తెచ్చి ఇచ్చాడు. వాడి కళ్ళలో ఉన్న గౌరవాన్ని చూడలేక నవ్వొద్దు మామయ్య సీసా ఎత్తి కళ్ళు మూసుకుని తాగాడు. తాగినంతసేపూ ఒకటే ఆలోచన. ఊరుకుంటే? ఇంకా కొన్ని ప్రశ్నలు, అంతే. బోను దిగితే పని అయిపోతుంది. పైగా వాడే కొట్టాడేమో. కొట్టలేదని మాత్రం ఎవరు చెప్పారు? ఆ 'ఏమో'ని పట్టుకుని, వరదలో దుంగని పట్టుకున్నట్టు పట్టుకుని, ఆయన మళ్ళీ బోనెక్కాడు.

లాయరమ్మ దగ్గర ఇంక సరుకు లేదు. షాపుకీ స్టూడియోకీ ఎంత దూరం అంది. చెప్పాడు. జల్లు పెద్దదా చిన్నదా అంది. చెప్పాడు. "అంతేనండీ" అని కూర్చుని ఫ్లాస్కు మూత బిగించింది.

"మీరు దిగవచ్చు" అన్నారు జడ్జిగారు.

నవ్వొద్దు మామయ్య దిగలేదు. కర్రకమ్మి పట్టుకుని నిలబడ్డాడు.

"దిగవచ్చన్నాను."

ఆయన పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు.

"ఏమిటి? గట్టిగా చెప్పండి."

గట్టిగా చెప్పమని పుట్టిబుద్ధెరిగి ఆయనకి ఎవరూ చెప్పలేదు. నెమ్మదిగా మాట్లాడమని తల్లి దగ్గర్నుంచి అద్దెయిల్లు ఇచ్చినవాడి దాకా అందరూ చెప్పారు.

"ఇతను నా స్టూడియోకి వచ్చాడండీ" అన్నాడు. "పొద్దున నేను చెప్పింది తప్పు."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ప్రభుత్వ లాయరు కాగితాల్లోంచి తలెత్తాడు. ఈయన చెప్పుకుపోయాడు. గాటు పూడ్చడం, కుడి కనుబొమ్మ వెంట్రుకలు ఎడమవైపు నాటడం, రెండూ ఒకే దిక్కుకి తిరిగాయని ఇల్లాలు అనడం. అక్కడ కోర్టు నవ్వింది. పొద్దుటి అలవాటుకొద్దీ నవ్వింది, సాక్షి మళ్ళీ తమాషా మొదలెట్టాడనుకుని. పొద్దున ఆ నవ్వు ఒంటికి నూనెలా పట్టింది. ఇప్పుడు కారంలా మండింది.

"నవ్వకండి" అన్నాడు, చేతులు జోడించి. "దయచేసి నవ్వకండి."

నవ్వు ఆగిపోయింది. అప్పుడు తెల్లగుడ్డ సంగతి చెప్పాడు.

ప్రభుత్వ లాయరు ఎర్రబడిపోయాడు. "భోజనాల వేళ మిమ్మల్ని ఎవరు కలిశారు? ఎవరు బెదిరించారు?"

"నా భార్య కలిసిందండీ. బెదిరించలేదు. అడిగింది."

"అంటే ఆ సాయంత్రం మీరు చూసినది ఇతన్ని కాదంటారా?" అన్నారు జడ్జిగారు.

కాదని చెబితే ఎంత తేలిక! కుర్రాణ్ణి కాపాడినవాడన్న పేరైనా దక్కేది. ఆ పేరు కూడా తనకి చెల్లదని నవ్వొద్దు మామయ్యకి తెలుసు.

"కాదనీ చెప్పలేనండీ. అవుననీ చెప్పలేను. నాకు తెలీదు."

ముఖం మరవననే మనిషి నోటినుంచి వచ్చిన మాట అది.

అప్పుడు అటు బోనులోంచి కుర్రాడు చెయ్యెత్తి అనుమతి అడిగాడు. జడ్జిగారు తల ఊపారు.

"ఆ రోజు జైల్లో వరసలో నిలబెట్టినప్పుడు, ఈ మామయ్య వస్తుంటే నాకు ధైర్యం వచ్చింది సార్" అన్నాడు. కోపంగా అనలేదు. ఎవరికో జరిగినదాన్ని చెబుతున్నట్టు అన్నాడు. "తెలిసినాయన వస్తున్నాడు, వీడు మన గాటు కుర్రాడు కదా అంటాడు, వదిలేస్తారు అనుకున్నాను. నవ్వాను కూడా. భుజం మీద చెయ్యి వేస్తే పలకరింపు అనుకున్నాను సార్."

లాయరమ్మ రాయడం ఆపేసింది. నవ్వొద్దు మామయ్య తన కుడిచేతిని చూసుకున్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. జేబులో పెట్టాడు, తీశాడు, వెనక్కి పెట్టాడు.

చెప్పిందంతా రాసుకుని, తీర్పు మరో తేదీకి వాయిదా వేశారు. అంతదాకా కుర్రాడు మళ్ళీ జైలుకే. పోలీసులు వరండాలోంచి తీసుకుపోతుంటే నవ్వొద్దు మామయ్య అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు.

"బాబూ, నేను... ఏ ముఖం పెట్టుకుని..."

కుర్రాడు ఆగాడు. దగ్గరగా చూస్తే బాగా చిక్కిపోయాడు. గాటు మాత్రం చిక్కలేదు.

"లోపల జైలువాళ్ళు కూడా ఫోటో తీశారు మామయ్యా" అన్నాడు. "వాళ్ళు గాటు అలాగే ఉంచారు."

పోలీసు భుజం తట్టాడు. కుర్రాడు వెళ్ళిపోయాడు.

ఆఫీసరు పక్కనుంచి పోతూ ఈయనకి వినపడేలా ఏదో ఉమ్మినట్టు అన్నాడు. విచారణ చూడ్డానికి వచ్చిన టీకొట్టువాడు ఎటో చూస్తూ మెట్లు దిగిపోయాడు. ఇల్లాలు డబ్బా సంచీలో పెట్టుకుని నాలుగడుగుల దూరంలో నిలబడింది. దగ్గరికి రాలేదు, దూరంగా పోలేదు.

బావ కొడుకు ఎదురుగా వచ్చాడు. తిడతాడనుకున్నాడు ఈయన. తిట్టినా బాగుండేది.

"మామయ్యా, నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటుంది. నువ్వు అబద్ధం చెప్పవు, నాకు తెలుసు." వాడు ఇంకో అడుగు ముందుకి వేశాడు. "మరి మా నాన్నని కొట్టిందెవరు? ఎవడో ఒకడు కొట్టాడుగా. నువ్వు చూశావుగా. ఈ కుర్రాణ్ణి పక్కన పెట్టు. అసలువాణ్ణి చూశావుగా నువ్వు! ఒక్కసారి కళ్ళు మూసుకుని ఆలోచించు మామయ్యా. నీకు ముఖం గుర్తుంటుంది. నాన్న ఎప్పుడూ అనేవాడు, మీ మామయ్యకి ముఖం గుర్తుంటుందిరా అని."

నవ్వొద్దు మామయ్య కళ్ళు మూసుకున్నాడు. జల్లు వచ్చింది. సగం దించిన షట్టరు వచ్చింది. భళ్ళుమన్న చప్పుడు, బావ అరుపు, ఇనపరాడ్డు, బోర్డు వెలుగు, అన్నీ వరసగా వచ్చాయి. రాడ్డు పట్టుకున్న మనిషి ఇటు తిరిగాడు.

మళ్ళీ ఆ కుర్రాడే. నోరు మూసుకుని, చెవులు రెండూ కనపడేలా.

ఆ ముఖాన్ని లాగేద్దామని చూశాడు. కింద ఇంకో ముఖం ఉండాలి. ఉండి తీరాలి. తను చూశాడు, ఒక్క క్షణమే అయినా చూశాడు. గోరు పెట్టి గీకినట్టు గీకాడు. కింద ఏమీ లేదు. బావని కొట్టినవాణ్ణి ఈ లోకంలో చూసినది తన రెండు కళ్ళే. వాడి ముఖాన్ని తన చేతులారా, టీ తాగుతూ, నలుగుర్నీ నవ్విస్తూ, పూటపూటా కొంచెం కొంచెంగా చెరిపేసుకున్నాడు.

"కనిపిస్తోందా మామయ్యా?"

ఆయన కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఎదురుగా బావ కొడుకు ముఖం చూడాలి.